ఒకే రసాయనం, రెండు దారులు

చేను గట్ల మీద, ముళ్ల కంచెల మీద పాకే దూలగొండి తీగ తెలియని పల్లెటూరి పిల్లలు ఉండరు. దాని కాయ మీది నూగు ఒంటికి తగిలితే దురద ఎంతకీ వదలదు. నూగు సంగతి అందరికీ తెలుసు గానీ, కాయ లోపలి గింజ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. 1937లో మద్రాసు విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు జీవరసాయన శాస్త్రవేత్తలు ఆ గింజల నుంచి ఎల్-డోపా అనే పదార్థాన్ని వేరుచేశారు. అంతకు ముందే, 1913లో, స్విట్జర్లండ్‌లో మార్కస్ గుగెన్‌హైమ్ యూరప్‌లో పండే ఒక చిక్కుడు జాతి గింజల్లో దాన్ని కనిపెట్టాడు. రెండున్నర గ్రాములు తానే మింగి చూశాడు. విపరీతంగా వాంతులయ్యాయి. ఆ పదార్థానికి చెప్పుకోదగ్గ పనేమీ లేదని ఆనాటి వాళ్లు తేల్చేశారు. దాని నుంచి పుట్టే డోపమైన్‌ను కూడా ఎవరూ లెక్కచేయలేదు. శరీరంలో అడ్రినలిన్ తయారయ్యే క్రమంలో అదొక మజిలీ మాత్రమేనని అనుకున్నారు.

ఈ కథలో రెండో మొక్క సర్పగంధ. ఇదీ మన నేల మీదిదే. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఉన్మాదానికీ రక్తపోటుకూ దీని వేరు పనిచేస్తుందని రాశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపోటు రోగులలో వచ్చిన ఫలితాలను ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రచురించడంతో ప్రపంచం ఇటు చూసింది. 1952లో స్విస్ శాస్త్రవేత్తలు ఆ వేరులోని అసలు మందు రెసర్పిన్‌ను వేరుచేశారు. మందు పనిచేసింది. రక్తపోటు తగ్గింది, ఉద్రేకం అణిగింది. కానీ కొందరు రోగులు అవసరానికి మించి అణిగిపోయారు. ఒళ్లు బిగుసుకుంది, నడక మందగించింది, చేతులు వణికాయి. కొందరు మనసులో కుంగిపోయారు. ఒక వేరులోని రసాయనం మనిషి కదలికనూ ఉత్సాహాన్నీ ఒకేసారి ఎలా లాగేసుకుంటుంది?

1957లో స్వీడన్‌లోని లుండ్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రెసర్పిన్ ఎక్కించాడు. అవి చెవులు వాల్చేసి, ఉన్నచోటే కదలకుండా ఉండిపోయాయి. అప్పుడు వాటికి ఎల్-డోపా ఎక్కించాడు. కాసేపటికే చెవులు నిక్కాయి, కళ్లు తెరిచాయి, కుందేళ్లు గెంతాయి. మెదడులోని మరో రసాయనమైన సెరటోనిన్‌గా మారే పదార్థం ఇచ్చి చూస్తే ఈ ఫలితం రాలేదు. కనక రెసర్పిన్ ఖాళీ చేసిన వాటిలో కదలికకు కావలసింది డోపా నుంచి పుట్టేదే. మరుసటి ఏడాది కార్ల్‌సన్ బృందం మెదడులో డోపమైన్ దానికదే ఉంటుందనీ, రెసర్పిన్ దాన్ని తుడిచిపెడుతుందనీ, ఎల్-డోపా మళ్లీ నింపుతుందనీ చూపింది. మజిలీ అనుకున్నది నిజానికి గమ్యం. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ కుందేళ్ల ప్రయోగంలో ఒక చేత సర్పగంధ, మరో చేత దూలగొండి గింజలోని పదార్థం ఉన్నాయని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

రెసర్పిన్ చేసే పని సూక్ష్మమైనది. నాడీకణం చివర అతి చిన్న సంచులుంటాయి. డోపమైన్‌ను ఆ సంచుల్లో దాచుకుని, సంకేతం వచ్చినప్పుడు కణం బయటికి వదులుతుంది. రెసర్పిన్ ఆ సంచుల్లోకి డోపమైన్ చేరకుండా అడ్డుపడుతుంది. దాచుకునే చోటు లేని డోపమైన్‌ను కణంలోని ఎంజైములు విరగ్గొట్టేస్తాయి. కణం బతికే ఉంటుంది, సంకేతమూ వస్తుంది, వదలడానికి మాత్రం ఏమీ ఉండదు.

ఇక ఈ డోపమైన్ మెదడులో ఎక్కడుందో చూడాలి, ఎందుకంటే ఈ అధ్యాయమంతా ఆ చోటు మీదే ఆధారపడి ఉంది. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. వాటిలో మధ్యమెదడులో డోపమైన్ తయారుచేసేవి నాలుగు నుంచి ఆరు లక్షలు మాత్రమే. అంత కొద్ది కణాలు ఇంత పెద్ద అవయవాన్ని ఎలా శాసిస్తాయంటే, ఒక్కొక్క కణం కొమ్మలు కొమ్మలుగా చీలి లక్షల సంధిస్థానాల దగ్గర డోపమైన్‌ను విడుదల చేస్తుంది. ఈ కణాలలో ఒక గుంపు సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట ఉంది. మెదడును కోసి చూస్తే అది కంటికే నల్లగా కనిపిస్తుంది. అక్కడి కణాలు మెదడు లోతుల్లో ఉన్న స్ట్రయేటమ్ పైభాగానికి తంతువులు పంపుతాయి. అలవాటైన కదలికలన్నీ నడిచేది అక్కడే. పక్కనే ఉన్న రెండో గుంపు స్ట్రయేటమ్ కింది భాగానికి డోపమైన్ పంపుతుంది. ఆ కింది భాగానికి కదలికతో కన్నా కోరికతో పని ఎక్కువ. దేని వెంట పడాలి, దేనికి ఎంత శ్రమ పెట్టవచ్చు, ఏది మళ్లీ చేయాలి అన్న లెక్కలు అక్కడ తేలతాయి. రసాయనం ఒకటే, చేరే చోట్లు రెండు.

1960లో వియన్నాలో హెర్బర్ట్ ఎరింగర్, ఒలెహ్ హోర్నికీవిచ్ కొందరు రెసర్పిన్ రోగుల్లాగే ఒళ్లు బిగుసుకుని, చేతులు వణికే పార్కిన్సన్స్ జబ్బు ఉండి చనిపోయినవాళ్ల మెదళ్లలో స్ట్రయేటమ్‌ను పరీక్షించారు. డోపమైన్ ఉంటే పరీక్షనాళికలో గులాబీ రంగు తేలాలి. ఆరోగ్యవంతుల మెదడు నుంచి తీసిన నమూనాలో రంగు వచ్చింది. రోగుల నమూనాలో దాదాపు రాలేదు. యంత్రంలో పెట్టి కొలవక ముందే, తేడా కంటికి కనిపించింది. 1961లో వాల్టర్ బిర్క్‌మాయర్‌తో కలిసి రోగులకు ఎల్-డోపా ఎక్కించారు. పడక మీద లేచి కూర్చోలేనివాళ్లు కూర్చున్నారు, లేచి నిలబడలేనివాళ్లు నడిచారు. కొన్ని గంటలు మాత్రమే, కానీ నడిచారు. 1967లో అమెరికాలో జార్జ్ కోట్జియాస్ మోతాదును మెల్లమెల్లగా పెంచుతూ డోపాను నోటి ద్వారా ఇచ్చి ఆ కొన్ని గంటలను నిత్యజీవితంగా మార్చాడు. డోపమైన్‌నే నేరుగా ఇవ్వకుండా ఎల్-డోపా ఇవ్వడానికి కారణం ఉంది. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడను డోపమైన్ దాటలేదు. ఎల్-డోపా మాంసకృత్తుల్లోని అమైనో ఆమ్లాలు వెళ్లే ద్వారం గుండా దాటుతుంది. అందుకే పప్పు, గుడ్డు, మాంసం దండిగా తిన్న వెంటనే మాత్ర వేసుకుంటే కొందరికి సరిగ్గా పట్టదు. భోజనానికి అరగంట ముందు వేసుకోమని డాక్టర్లు చెప్పేది అందుకే.

దూలగొండి పొడి ఈ రోజుల్లో సీసాల్లో, డబ్బాల్లో దొరుకుతోంది. గింజలో ఎల్-డోపా ఉన్న మాట నిజం, నూటికి నాలుగైదు వంతులు. ఆయుర్వేదం దీన్ని కపికచ్ఛు పేరుతో ఎంతోకాలంగా వాడుతున్న మాటా నిజం. కానీ గింజ గింజకూ పాళ్లు మారతాయి. డాక్టరు రాసిన మాత్ర మీద ఈ పొడి కూడా తీసుకుంటే రెండు మోతాదులు కలిసిపోతాయి. మోతాదు తప్పితే ఏమవుతుందో ముందు ముందు తెలుస్తుంది.

పార్కిన్సన్స్ అనగానే మనకు వణికే చెయ్యి గుర్తొస్తుంది. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురిని వర్ణిస్తూ రాసిన చిన్న పుస్తకం కూడా వణుకు పేరుతోనే వెలువడింది. కుటుంబాలను ఎక్కువగా బాధపెట్టేది మాత్రం వణుకు కాదు, మొదలుపెట్టలేకపోవడం. మంచం మీద కూర్చున్న పెద్దాయన లేవాలనుకుంటాడు, లేవడు. పలకరిస్తే జవాబు ఆలస్యంగా, లోగొంతులో వస్తుంది. మొహంలో కండరాలు కదలవు కనక ఎప్పుడూ చిరాగ్గా ఉన్నట్టు కనిపిస్తాడు. పండక్కి వచ్చిన అల్లుడు పలకరిస్తే మామగారు నవ్వలేదని ఇంట్లో చిన్నబుచ్చుకోవడాలు జరుగుతాయి. "మొండికేస్తున్నాడు", "కావాలనే చేస్తున్నాడు", "రిటైరయ్యాక బద్ధకం పట్టుకుంది" అన్న మాటలు, జబ్బు పేరు తెలియక ముందు, ఎన్నో ఇళ్లల్లో వినపడతాయి. ఇది నడవడిక మీద వేసిన తీర్పు. నిజానికి ఆ మాటలనే సమయానికి స్ట్రయేటమ్‌లో డోపమైన్ అప్పటికే చాలావరకు పోయి ఉంటుంది. నైగ్రాలో సగం దాకా కణాలు చనిపోయే వరకూ జబ్బు బయటపడదు.

మెదడు లోతుల్లోని ఈ కేంద్రాలు మామూలుగా కదలికలన్నిటి మీదా బ్రేకు వేసి ఉంచుతాయి. మనం ఒక కదలికను ఎంచుకున్నప్పుడు డోపమైన్ ఆ ఒక్కదాని మీద బ్రేకు సడలిస్తుంది. డోపమైన్ లేకపోతే ఎంచుకోవడం జరుగుతుంది, సడలడం జరగదు.

ఇక్కడే వింతైన విషయాలు కనిపిస్తాయి. గడప దగ్గర కాలు అతుక్కుపోయినట్టు ఆగిపోయే రోగి, నేల మీద అడ్డంగా గీతలు గీస్తే వాటి మీదుగా చకచకా అడుగులేస్తాడు. చదునైన గచ్చు మీద నడవలేనివాడు మెట్లు ఎక్కుతాడు. 2010లో నెదర్లాండ్స్ నాడీవైద్యులు 58 ఏళ్ల రోగి ఒకరి గురించి రాశారు. నాలుగడుగులు వేయడానికి మరొకరి సాయం కావలసిన ఆ మనిషి సైకిలెక్కితే చక్కగా తొక్కుకుంటూ వెళ్లేవాడు. ఇంట్లోవాళ్లకు ఇది చూస్తే అనుమానం రావడం సహజం. సైకిల్ తొక్కగలిగినవాడు వంటింట్లోకి నడవలేడా?

నడవలేడు. దానికి కారణం మెదడు నిర్మాణంలో ఉంది. ఈ జబ్బులో డోపమైన్ స్ట్రయేటమ్ అంతటా ఒకేలా తగ్గదు. పైభాగంలో వెనక వైపు, అంటే ఆలోచించకుండా జరిగిపోయే అలవాటు కదలికలు నడిచే చోట, ముందుగా ఎండిపోతుంది. గడప దాటడం మనకు అలవాటు, దాని గురించి ఆలోచించం. ఆ పని చేసే చోటే రోగిలో దెబ్బతింది. గీత మీద కాలు వేయడం మాత్రం కంటితో చూసి, ఉద్దేశంతో చేసే పని. దానికి మెదడులో వేరే తోవ ఉంది. అది ఇంకా మిగిలి ఉంది. అందుకే ఫిజియోథెరపిస్టులు గడప ముందు రంగు టేపు అంటించమంటారు, "ఒకటి, రెండు" అని లెక్కపెడుతూ నడవమంటారు. వెనక నుంచి తొందరపెడితే మాత్రం ఆ కాస్తా పోతుంది. బద్ధకస్తుడికి గీతలు గీస్తే బద్ధకం పోదు. ఈ ఒక్క తేడా చాలు, ఆ మనిషి మీద వేసిన తీర్పు తప్పని చెప్పడానికి.

ఇప్పుడు రెండో దారికి వద్దాం. డోపమైన్ అంటే సుఖాన్నిచ్చే రసాయనం అని పత్రికల్లో, వీడియోల్లో రోజూ చెబుతున్నారు. డోపమైన్ ఉపవాసాలు కూడా బయలుదేరాయి. ఇది నన్ను బాధించే ప్రచారం, ఎందుకంటే దీన్ని సరిదిద్దే ప్రయోగాలు 1980ల చివరినాటికే జరిగాయి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్, టెర్రీ రాబిన్సన్ ఎలుకల మెదడులో డోపమైన్ కణాలను దాదాపు పూర్తిగా నాశనం చేశారు. ఆ ఎలుకలు తిండి వైపు వెళ్లడం మానేశాయి. ఎదురుగా ఉన్నా ముట్టలేదు. కానీ నాలుక మీద పంచదార నీళ్లు వేస్తే, మామూలు ఎలుకల్లాగే పెదవులు చప్పరించాయి. రుచి తెలుస్తోంది, నచ్చుతోంది. కావాలని లేచి వెళ్లడం ఒక్కటే పోయింది. 1995లో సియాటిల్‌లో రిచర్డ్ పామిటర్, చున్-యోంగ్ ఝౌ పుట్టుకతోనే డోపమైన్ తయారుచేయలేని చుంచెలుకలను రూపొందించారు. పుట్టిన కొద్ది వారాలకే అవి తిండి మానేసి చనిపోయేవి. రోజూ ఎల్-డోపా ఇస్తే తినేవి, బతికేవి. ఆకలితో చచ్చిపోతున్న ప్రాణి తిండి పక్కన పడుకుని ఉండడం కన్నా, ఇష్టం వేరు, పూనిక వేరు అనడానికి బలమైన సాక్ష్యం నాకు తెలియదు.

స్విట్జర్లండ్‌లోని ఫ్రైబూర్గ్‌లో వోల్ఫ్రమ్ షుల్జ్ మరో మెట్టు ఎక్కాడు. కోతుల మెదడులోని ఒక్కొక్క డోపమైన్ కణాన్నీ గమనించాడు. అనుకోకుండా పళ్లరసం చుక్క దొరికితే కణం గట్టిగా స్పందించింది. దీపం వెలిగాక రసం వస్తుందని కోతి నేర్చుకున్నాక, రసానికి స్పందించడం మానేసి దీపానికి స్పందించింది. దీపం వెలిగి రసం రాకపోతే, రావలసిన క్షణానికి సరిగ్గా కణం మూగబోయింది. అంటే ఈ కణాలు చెప్పేది దొరికిన ఫలం ఎంతని కాదు. అనుకున్నదానికన్నా ఎక్కువా, తక్కువా అని. ఎక్కువైతే ఆ పని మళ్లీ చేయాలనిపిస్తుంది, తక్కువైతే మానుకోవాలనిపిస్తుంది. ఆ మూగబోవడం కూడా ఒక సందేశమే. దాని విలువ తర్వాతి సంగతులు చదివితే తెలుస్తుంది.

2000 తర్వాత పార్కిన్సన్స్ క్లినిక్కుల్లో డాక్టర్లకు ఒక కొత్త ఫిర్యాదు వినిపించసాగింది. జీవితంలో పందెం కాయని మనుషులు జూదంలో పడ్డారు. 2005లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు అలాంటి పదకొండు మంది గురించి రాశారు. వాళ్లంతా డోపమైన్‌ను అనుకరించే మందులు వాడుతున్నవాళ్లు, ఎక్కువమంది ప్రామిపెక్సోల్ అనే మాత్ర. తర్వాత అమెరికా, కెనడాల్లోని 46 కేంద్రాలలో 3,090 మంది రోగులను పరిశీలించిన డేనియల్ వైన్‌ట్రాబ్ బృందం 2010లో ఫలితాలు ప్రకటించింది. 13.6 శాతం మందిలో జూదం, కొనుగోళ్ల పిచ్చి, అదుపులేని తిండి, మితిమీరిన కామవాంఛ, వీటిలో ఏదో ఒకటి కనిపించింది. ఆ మందులు వాడేవాళ్లలో 17.1 శాతం, వాడనివాళ్లలో 6.9 శాతం.

ఎందుకిలా? జబ్బు స్ట్రయేటమ్ పైభాగాన్ని ముందు ఎండగడుతుందని చెప్పుకున్నాం. కింది భాగం, అంటే కోరికల లెక్క తేలే చోటు, జబ్బు తొలి సంవత్సరాల్లో చాలావరకు బాగానే ఉంటుంది. మాత్ర మింగితే మందు రెండు చోట్లకూ వెళుతుంది. పైభాగానికి చాలినంత ఇస్తే, లోటు లేని కింది భాగానికి అది అతి అవుతుంది. పైగా ప్రామిపెక్సోల్, అదే తరగతి మందు రోపినిరోల్ ఎక్కువగా అతుక్కునే డీ3 రిసెప్టర్లు, అంటే కణం మీద డోపమైన్‌ను అందుకునే చోట్లు, కింది భాగంలోనే దండిగా ఉన్నాయి. నడక తెచ్చిపెట్టిన మోతాదే పందెం వైపు తోస్తుంది. మనిషి ఒకడే, మందు ఒకటే, రోజు ఒకటే. చోటును బట్టి చాలకపోవడం, ఎక్కువైపోవడం ఒకే తలలో జరుగుతున్నాయి. మెదడులో ఫలానా రసాయనం తక్కువ, ఫలానాది ఎక్కువ అని ఒక్కమాటలో చెప్పే వివరణలు ఎందుకు చాలవో ఇక్కడ తేటతెల్లంగా కనిపిస్తుంది.

2004లో మైకేల్ ఫ్రాంక్ బృందం చేసిన పరీక్ష దీన్ని ఇంకా విప్పి చెప్పింది. గెలుపు, ఓటములను బట్టి బొమ్మలను ఎంచుకోవడం నేర్చుకునే ఆటను పార్కిన్సన్స్ రోగుల చేత ఆడించారు. మందు మానిన స్థితిలో వాళ్లు ఓటమి నుంచి బాగా నేర్చుకున్నారు. మందు వేసుకున్నాక గెలుపు నుంచి బాగా నేర్చుకున్నారు, ఓటమి నుంచి నేర్చుకోవడం తగ్గింది. షుల్జ్ కోతుల్లో కణం మూగబోయిన ఆ క్షణాన్ని గుర్తుచేసుకోండి. రిసెప్టర్ మీద మందు ఎప్పుడూ కూర్చుని ఉంటే ఆ మౌనం అవతలివైపుకు వినిపించదు. డబ్బు పోయిందని ఆ మనిషికి తెలుసు. వేళ్ల మీద లెక్క చెప్పగలడు. "ఇక చాలు" అని లోపల నుంచి ఆపే సంకేతమే అందదు.

ఈ దృష్టితో చూస్తే మందలింపులు, ఒట్లు, దేవుడి ముందు ప్రమాణాలు ఎందుకు నిలబడవో అర్థమవుతుంది. 2012లో ఫ్రాన్స్‌లో ఒక అప్పీలు కోర్టు ఇలాంటి రోగికి పరిహారం ఇవ్వాలని మందు తయారుచేసిన కంపెనీని ఆదేశించింది. అతను రోపినిరోల్ వాడుతుండగా జూదంలో ఇంటి డబ్బంతా పోగొట్టుకున్నాడు, దొంగతనాలకు కూడా దిగాడు. మందు ఆపాక ఆ నడవడిక పోయింది. నేను ఆ తీర్పును సరైనదనే అనుకుంటాను. అలాగని మాత్ర వేసుకున్న ప్రతివాడూ జూదగాడు కాడు. నూటికి ఎనభైకి పైగా మందికి ఏమీ కాదు. చిన్న వయసులో జబ్బు వచ్చినవాళ్లకు, సొంతంగానో కుటుంబంలోనో జూదం అలవాటు ఉన్నవాళ్లకు ప్రమాదం ఎక్కువ. మనిషి పాత జీవితం, ఇప్పటి మందు, మెదడులోని చోటు మూడూ కలిస్తేనే ఆ నడవడిక.

ఇదే నాణేన్ని తిప్పి చూపించే మందులూ ఉన్నాయి. 1952లో ఫ్రాన్స్‌లో మొదలైన క్లోర్‌ప్రొమజీన్, దాని తర్వాత వచ్చిన స్కిజోఫ్రీనియా మందుల్లో చాలావరకు, డోపమైన్ డీ2 రిసెప్టర్లను మూసేస్తాయి. లేని గొంతులు వినపడడం, అందరూ తన మీద కుట్ర పన్నుతున్నారన్న భ్రమ తగ్గుతాయి. కానీ అదే మందు స్ట్రయేటమ్ పైభాగాన్ని కూడా మూసేస్తుంది కనక చెయ్యి వణుకుతుంది, నడక బిగుసుకుంటుంది, మొహంలో కదలిక పోతుంది. కళ్లు తిరగడానికి మన ఊళ్లలో ఎడాపెడా రాసే సిన్నరిజిన్‌ను పెద్ద వయసువాళ్లు నెలల తరబడి వాడినా ఇలాగే జరగవచ్చు. తల్లికో తండ్రికో కొత్తగా వణుకు మొదలైతే, కొత్త జబ్బని బెంగపడే ముందు వాళ్లు వాడుతున్న మాత్రలన్నీ సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లడం మంచిది.

జూదం, కొనుగోళ్ల సంగతి అంత తేలిగ్గా బయటికి రాదు. మన ఇళ్లలో అరవై ఏళ్ల మనిషి రాత్రిళ్లు ఫోన్లో రమ్మీ ఆడుతున్నాడని గానీ, భార్యను వేధిస్తున్నాడని గానీ డాక్టరుతో చెప్పుకోవడానికి సిగ్గు అడ్డమొస్తుంది. అది జబ్బుకు సంబంధించిన విషయమని తెలియకపోవడం రెండో అడ్డు. అందుకే మందు మొదలుపెట్టే రోజునే ఈ ప్రమాదం గురించి రోగికీ ఇంట్లోవాళ్లకూ విప్పి చెప్పాలి. ప్రతిసారీ పేరు పెట్టి అడగాలి, ఇంట్లోవాళ్లను విడిగా కూడా అడగాలి. బయటపడితే చాలామందికి మోతాదు తగ్గించడమో, ఆ మందు ఆపి ఎల్-డోపా మీద ఉంచడమో చేస్తే వారాల్లో, నెలల్లో ఆ నడవడిక సద్దుమణుగుతుంది. ఇంట్లోవాళ్లు కంగారుపడి మాత్రల సీసా దాచేయడం మాత్రం ప్రమాదం. ఒక్కసారిగా ఆపితే ఒళ్లు కొయ్యబారిపోవచ్చు. కొందరికి ఆందోళన, దిగులు, చెమటలు పట్టి, మత్తుమందు మానినవాళ్లు పడే బాధలాంటిదే వస్తుంది. తగ్గించడం డాక్టరు చేతి మీదుగా, మెట్టు మెట్టుగా జరగాలి. ఆ రోజుల్లో బ్యాంకు కార్డు, ఫోన్లోని చెల్లింపు యాప్ ఇంట్లో మరొకరి దగ్గర ఉంచుకోవడానికి రోగిని ఒప్పించాలి. ఎందుకో వివరంగా చెబితే ఎక్కువమంది ఒప్పుకుంటారు.